పాఠం చెప్పే పని మానేసి పాఠం రాసే పనికి వెళ్లొచ్చా?

సుద్దముక్క
కూకట్‌పల్లి వైపు ఒక జూనియర్ కాలేజీలో ఎనిమిదేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. రోజుకు ఆరు క్లాసులు, సాయంత్రం స్టడీ అవర్ అదనం. ఈ మధ్య మధ్యాహ్నానికే గొంతు పోతోంది. ఈఎన్‌టీ డాక్టర్ చూసి, స్వరపేటిక మీద నాడ్యూల్స్, అంటే చిన్న గడ్డలు ఉన్నాయి, మూడు నెలలు మాట తగ్గించండి అన్నారు. డ్రైవర్‌ని పిలిచి స్టీరింగ్ ముట్టుకోవద్దన్నట్టుంది.

హిమాయత్‌నగర్‌లో ఒక పబ్లిషర్ దగ్గర సైన్స్ పుస్తకాలు రాసి ఎడిట్ చేసే మనిషి కావాలని తెలిసినవాళ్లు చెప్పారు. నాకిప్పుడు 46 వేలు వస్తుంది. వాళ్లు 32 అంటున్నారు, దానికి కూడా ముందు టెస్ట్ ఉందట. మా ఆయన "జీతం తగ్గించుకుని వెళ్లేవాళ్లను నిన్నే చూస్తున్నా" అంటున్నారు.

పాఠం బాగా తెలిసినవాళ్లకి రాయడం కష్టం కాదనే నా నమ్మకం. ఈ లైన్లో ఉన్నవాళ్లు చెప్పండి. ఇందులో ఎదుగుదల ఉందా? పదేళ్లు చేస్తే ఏమవుతారు?

కోఠి_పాతపుస్తకం
పదేళ్లు చేస్తే కళ్లద్దాలు మందమవుతాయి. గొంతు మాత్రం బాగుంటుంది.

నిజాంపేట_అమ్మ
46 నుంచి 32కి దిగడం ఏంటండీ. గొంతు బాగయ్యేదాకా సెలవు పెట్టుకుని, తర్వాత ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పుకోండి. మైక్ ఉంటుంది, అరవాల్సిన పని లేదు.

బెంచ్_మీద_బ్రో
ఆన్‌లైన్ మాట ఎత్తకండి మేడం. అక్కడే ఉన్నా, అక్కడే పోయా.

ఎర్రసిరా
"పాఠం బాగా తెలిసినవాళ్లకి రాయడం కష్టం కాదు" అన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. ఇరవై రెండేళ్ల నుంచి ఇదే పని. మొదట ఐదేళ్లు ఒక పత్రికలో చదువుల పేజీ, ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు, గైడ్లు. మాకొచ్చే రాతప్రతులు ఎక్కువగా పేరున్న లెక్చరర్లవే. అందులో సగం తిరిగి రాయాల్సి వస్తుంది.

క్లాసులో పిల్లాడి మొహం చూస్తారు. తెలియలేదనిపిస్తే ఇంకో రకంగా చెబుతారు, బోర్డు మీద బొమ్మ గీస్తారు, చేతులు తిప్పుతారు. పుస్తకంలో చేతులు తిప్పడం కుదరదు.

మొన్న ఒక సార్ పంపిన చాప్టర్‌లో వాక్యం ఇది: "ఒక మోటారు సామర్థ్యం 80 శాతం. దాని సామర్థ్యం 2 కిలోవాట్లు అయితే..." మొదటిది ఎఫిషియెన్సీ, అంటే దక్షత. రెండోది పవర్, అదే సామర్థ్యం. ఆయనకు తేడా తెలియదా అంటే, నాకంటే బాగా తెలుసు. ముప్పై ఏళ్లుగా క్లాసులో ఇంగ్లిష్ మాటలే వాడుతూ వచ్చారు కాబట్టి ఇబ్బంది ఎప్పుడూ ఎదురు కాలేదు. తెలుగులో రాయమనేసరికి రెండూ ఒక్క మాట అయి కూర్చున్నాయి. బలం, శక్తి, సామర్థ్యం మూడింటినీ ఇంట్లో ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తాం. వడి, వేగం కూడా అంతే. పుస్తకంలో అలా వాడితే పిల్లాడి లెక్క తప్పుతుంది, వాడు తనకే రాలేదనుకుంటాడు.

ఎదుగుదల అడిగారు కదా. ముందు రాస్తారు. తర్వాత మీ సబ్జెక్టులో ఇతరులు రాసింది దిద్దుతారు. ఆ పైన ఏ పుస్తకం వేయాలి, ఎవరితో రాయించాలి, ఎన్ని పేజీలు, ఎంత ధర అని తేల్చే కుర్చీ ఉంటుంది, కమిషనింగ్ ఎడిటర్ అంటారు. జీతం మారేది ఆ కుర్చీ దగ్గరే. అందరూ అక్కడిదాకా వెళ్లరు.

సుద్దముక్క
మోటారు వాక్యం రెండుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే మొదటిసారి తప్పు కనపడలేదు. భయం వేసింది.

ఎర్రసిరా
రెండోసారి కనపడింది కదా. చాలామందికి చెప్పినా కనపడదు.

అశోక్‌నగర్_రూం4
నేను పుస్తకాలు కొనేవాడి వైపు నుంచి మాట్లాడతా. గ్రూప్-2 కోసం నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నా. ఒకే ప్రశ్నకి ఒక బిట్ బ్యాంకులో ఆప్షన్ 2, ఇంకోదాంట్లో ఆప్షన్ 4. మా రూంలో నలుగురం ఓటింగ్ పెట్టుకున్నాం. 3-1 తేడాతో 2 గెలిచింది. చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి అసలు పుస్తకం తీస్తే జవాబు 4. ఓడిపోయినవాడు వారం రోజులు టీ డబ్బులు ఇవ్వలేదు.

అక్కా, మీరు వెళ్లి ఒక్క కీ సరిగ్గా చూసినా మాలాంటోళ్లకు పుణ్యం ఉంటుంది.

కోఠి_పాతపుస్తకం
ఆ ఓడిపోయినవాణ్ని ఎడిటర్‌గా తీసుకోవాలి. ముగ్గురు ఒకటంటున్నా ఒక్కడే నిలబడ్డాడు.

అశోక్‌నగర్_రూం4
వాడు గుడ్డిగా పెట్టాడన్నా. తర్వాత ఒప్పుకున్నాడు.

బెంచ్_మీద_బ్రో
నా కథ. పెద్ద ఎడ్‌టెక్, అంటే ఆన్‌లైన్ చదువుల కంపెనీలో మ్యాథ్స్ కంటెంట్ రాసేవాణ్ని. లాక్‌డౌన్ టైంలో చేరా, అప్పుడు నెలకు 70 వేలు, ఇంటి నుంచే పని. 2022లో ఆ రంగమంతా మనుషుల్ని తీసేస్తున్నప్పుడు మా టీం మీటింగ్ పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ల్యాప్‌టాప్ తీసుకెళ్లడానికి కొరియర్ అబ్బాయి వచ్చాడు, సంతకం పెట్టమన్నాడు, అంతే.

ఇప్పుడు ఫ్రీలాన్స్. ఏఐ తయారుచేసిన ప్రశ్నలు పంపి "జస్ట్ చూసి ఇవ్వండి" అంటారు. రేటు రాసేదానిలో నాలుగో వంతు. ఆ చూడటం ఎలా ఉంటుందంటే, ప్రశ్న బాగుంటుంది, భాష బాగుంటుంది, సొల్యూషన్ మెట్లు మెట్లుగా ఎంతో నమ్మకంగా ఉంటుంది, నాలుగో మెట్టులో మైనస్ ప్లస్ అయిపోతుంది. లేదా రెండు ఆప్షన్లు కరెక్టవుతాయి. ప్రతి లెక్కా మొదటి నుంచి చేసుకుంటేనే దొరుకుతుంది. అంటే రాసినంత పనీ ఉంటుంది, డబ్బు మాత్రం చూసినదానికి ఇస్తారు.

అందుకే సుద్దముక్క గారికి నా సలహా, వద్దు. ఐదేళ్లలో ఈ ఉద్యోగమే ఉండదు.

ఎర్రసిరా
బ్రో, నువ్వు చెప్పిన కష్టం నిజం, చివరి మాట మాత్రం ఒప్పుకోను. నాలుగో మెట్టులో మైనస్ పోయిందని పట్టుకునేవాడు లేకుండా ఆ పుస్తకం ఎవరు అచ్చేస్తారు? రేటు తక్కువ ఇస్తున్నారంటే బేరం చెడింది, పని పోలేదు.

బెంచ్_మీద_బ్రో
అచ్చేస్తున్నారు సార్. పట్టుకునేవాడు లేకుండానే. అశోక్‌నగర్ తమ్ముడిని అడగండి.

అశోక్‌నగర్_రూం4
ఈ విషయంలో బ్రోకే నా ఓటు. మా రూంలో మళ్లీ 3-1.

సుద్దముక్క
మీరిద్దరూ మాట్లాడుతుంటే 2024 నీట్ గుర్తొచ్చింది. ఆ వారం నా క్లాసులో వేరే పాఠమే జరగలేదు. పరమాణువుల మీద ప్రశ్న, రెండు వాక్యాలు ఇచ్చి ఏది సరైనదని అడిగారు. రెండో వాక్యం "ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయి" అన్నట్టుంది. ఎన్‌సీఈఆర్‌టీ పాత పుస్తకంలో అలాగే ఉంది, కొత్తదాంట్లో "చాలా మూలకాల" అని మార్చారు. పాత పుస్తకం చదివినవాళ్లు ఒకటి, కొత్తది చదివినవాళ్లు ఒకటి పెట్టారు. మొదట రెండిటికీ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కోర్టు ఐఐటీ ఢిల్లీ నుంచి ముగ్గురు నిపుణుల్ని చూడమంది. కొత్త పుస్తకం ప్రకారం ఉన్నదే సరైన జవాబని వాళ్లు తేల్చారు. నాలుగు లక్షలకు పైగా పిల్లలకు తలా 5 మార్కులు తగ్గాయి, వచ్చే 4 పోయి నెగెటివ్ 1 పడింది. మొదటి ర్యాంకు 61 మందికి ఉంటే 17 మంది మిగిలారు.

నా స్టూడెంట్ ఒకమ్మాయి వాళ్ల అక్క పాత పుస్తకం చదివింది. కొత్తది కొనడానికి డబ్బుల్లేక కాదు, అక్క అండర్‌లైన్లు ఉన్నాయని. ఆ ఐదు మార్కులు పోయిన రోజు ఫోన్ చేసి, "మేడం, నేను చదివింది తప్పా?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

ఎర్రసిరా
"ప్రతి"కీ "చాలా"కీ మధ్య ఉన్నదే నా ఉద్యోగం మొత్తం. "ఎల్లప్పుడూ", "మాత్రమే", "సాధారణంగా" అనే మాటల దగ్గర ఎర్ర పెన్ను దానంతటదే ఆగుతుంది. మార్చినవాళ్లు సరిగ్గానే మార్చారు, రేడియోధార్మిక మూలకాలు స్థిరంగా ఉండవు కదా. ఆ మార్పు పాత పుస్తకం చేతిలో ఉన్న పిల్లకు చేరలేదు. అందుకే నేను కొత్త ముద్రణ చూసినప్పుడల్లా పాతది పక్కన పెట్టుకుని లైను లైనూ పోలుస్తాను. విసుగు పని. మా ఇంట్లోవాళ్లు "తేడాలు కనుక్కోండి" ఆట అంటారు.

కోఠి_పాతపుస్తకం
పాత పుస్తకాలమ్మే బండి ముందు నిలబడి పెరిగినవాణ్ని, నా హ్యాండిల్ చూస్తే నాకే అపరాధంగా ఉంది ఇప్పుడు. ఇంటర్ మొత్తం ఆబిడ్స్ ఆదివారం సంతలో కొన్న పుస్తకాలతోనే గట్టెక్కించా. సిలబస్ మారిందని ప్రాక్టికల్స్ ముందు తెలిసింది.

అను_టు_యూనికోడ్
డీటీపీ, అంటే పేజీలు కంపోజ్ చేసేవాళ్ల వైపు నుంచి ఎవరూ మాట్లాడట్లేదు, తప్పులన్నీ చివరికి మా మీదే పడతాయి. చాలా తెలుగు పాఠ్యపుస్తకాల పాత ఫైళ్లు ఇప్పటికీ అను అనే పాతకాలం తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో అంతటా నడిచే యూనికోడ్‌కి మారుస్తుంటే ఒత్తులు ఎగిరిపోతాయి, 'క్ష' ఇంకేదో అవుతుంది. అక్షరం చెడితే కంటికి కనిపిస్తుంది, పర్వాలేదు. అసలు ప్రమాదం అంకెలతో. ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలూంబ్ కదా. మార్చాక పైన ఉండాల్సింది కిందికి దిగుతుంది, 10-19 అవుతుంది. తర్వాత ఎవరో అది గీతేమో అనుకుని తీసేస్తారు, 1019. చూడటానికి ఏమీ తేడా ఉండదు, బుద్ధిగా కూర్చుని ఉంటుంది పేజీలో.

సుద్దముక్క గారూ, మీరు ఆ ఉద్యోగానికి వెళ్తే ప్రూఫ్‌ని, అంటే అచ్చుకు ముందు దిద్దే ప్రతిని, స్క్రీన్ మీద చదవకండి. ప్రింట్ తీసి, జవాబుల పేజీ చివరి నుంచి మొదటికి చదవండి.

నిజాంపేట_అమ్మ
మా వాచ్‌మన్ కూతురి సర్కారు బడి పుస్తకం చూశాను, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్. భలే ఉంది. మా వాడి సీబీఎస్ఈ పుస్తకం నాకర్థం కాక ఆ పిల్ల దగ్గర అడిగి తెచ్చుకుని చదివి వాడికి చెప్పా. ఇలాంటివి రాసేవాళ్లు కూడా వీళ్లేనా?

ఎర్రసిరా
అవి ప్రభుత్వం తరఫున ఎస్‌సీఈఆర్‌టీ చేయిస్తుందండీ, ఎక్కువగా టీచర్లే రాస్తారు. పక్క పక్క పేజీలు సరితూగేలా చేయడం ఎంత తలనొప్పో! మన వాక్యానికి గుడులు, కొమ్ములు, కింద ఒత్తులు ఉంటాయి, లైన్ల మధ్య చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ పేజీ అడుగున ఖాళీ, తెలుగు పేజీ కిందికి కారిపోతూ ఉంటుంది. అప్పుడు బొమ్మ చిన్నది చేస్తారు, బొమ్మ మీద పేర్లు కనపడవు. ఒక వాక్యం తగ్గించి అర్థం పోకుండా చూడటమే నేర్పు.

పదిపైసల_పదం
డబ్బు మాట ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు, నేను మాట్లాడతా. పద్నాలుగేళ్లుగా బయటి నుంచే రాస్తున్నా, అనువాదాలు, బిట్లు, స్టడీ మెటీరియల్.

సుద్దముక్క గారూ, ఉద్యోగంలో చేరితే పేరు మీద ఆశ పెట్టుకోకండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. నాలా బయటి నుంచి రాస్తే హక్కు రాసినవాళ్లది, సంతకం పెట్టి రాతపూర్వకంగా ఇస్తేనే వాళ్లకి పోతుంది. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లే, ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకే. ఇది సెక్షన్ 19. అందుకే ఒప్పందాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని కొట్టినట్టు రాస్తారు. నేను మొదటి మూడేళ్లు ఆ లైన్ చదవకుండా సంతకాలు పెట్టా. నా మెటీరియల్ ఇప్పటికి ఏడో ముద్రణలో ఉంది, కవర్ మీద ఇంకెవరి పేరో ఉంది. హక్కులు ఇచ్చేశాక కూడా రాసింది నేనే అని చెప్పుకునే హక్కు సెక్షన్ 57 ఇస్తుంది. చెప్పుకున్నా. తర్వాత ఆరు నెలలు పని ఇవ్వలేదు.

ఇంకోటి, బకాయిలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉచితం, ఆధార్‌తో ఇంట్లో కూర్చుని అయిపోతుంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ కట్టాలి. నేను వడ్డీ ఎప్పుడూ అడగలేదు. ఇన్వాయిస్ అడుగున ఉద్యమ్ నంబరు వేయడం మొదలుపెట్టాక మాత్రం ఎనభై రోజులది యాభైకి దిగింది.

బెంచ్_మీద_బ్రో
ఈ పోస్ట్ సేవ్ చేసుకున్నా. టీడీఎస్ అని పన్ను కింద ముందే 10 శాతం కోసుకుంటారు, దాని సంగతేంటి?

పదిపైసల_పదం
26ఏఎస్‌లో, అంటే మన పేరు మీద కట్టిన పన్ను వివరాలుండే పత్రంలో, పడిందో లేదో చూసుకో. పడితే రిటర్న్ వేసి, పన్ను అంత లేకపోతే వెనక్కి తెచ్చుకో. కోసి కట్టనివాళ్లూ ఉంటారు. ఏటా జూన్‌లో నాకు అదే పండగ.

ఎర్రసిరా
పదిపైసల గారి మాటలన్నీ నిజమే, ఒక్క విషయంలో తేడా. పేరు లేదని ఈ పనిని చిన్నగా చూడకండి. పత్రికలో ఉన్నప్పుడు నా పేజీలో ఒక్కసారి కూడా నా పేరు రాలేదు. ఒక రోజు నాంపల్లి స్టేషన్‌లో ఒకబ్బాయి ఆ పేజీ కత్తిరించి నోట్‌బుక్‌కి అంటించుకుని చదువుతున్నాడు.

పదిపైసల_పదం
సార్, మీకు ఆ అబ్బాయి కనిపించాడు, నాకు ఏడో ముద్రణ కనిపించింది. ఆ అబ్బాయితో నా కరెంటు బిల్లు కట్టలేను.

ఎర్రసిరా
అదీ నిజమే.

కోఠి_పాతపుస్తకం
ఇద్దరూ ఒప్పుకున్నారు. మోడరేటర్ గారూ, ఇది చరిత్రలో మొదటిసారి.

సుద్దముక్క
పది రోజుల తర్వాత వస్తున్నా. టెస్ట్ రాశాను.

మొదటి భాగం, ఎనిమిదో తరగతి పిల్లలకి ఘర్షణ మీద ఒక పేజీ. మొదటి రాతలో "అందువలన" ఆరుసార్లు వచ్చింది. బోర్డు దగ్గర అలవాటు, ప్రతి లైను తర్వాత "అందువలన" అని వెనక్కి తిరుగుతాను. కొట్టేసి, తడి బాత్రూంలో జారడంతో మొదలుపెట్టి మళ్లీ రాశాను.

రెండో భాగం, తప్పులు దాచిన రెండు పేజీలు. మొత్తం 14 తప్పులు, నాకు 13 దొరికాయి. యూనిట్లు, కీ, బొమ్మలో బాణం దిశ, 10 మీద మైనస్ మాయం కావడం (అను గారూ, నమస్కారం) అన్నీ పట్టాను. పోయిందేంటో తెలుసా? ఒక ప్రశ్నకి ఆప్షన్లు 1, 2, 3, 3 అని ఉన్నాయి. అంత పెద్ద తప్పు! నేను మూడుసార్లు చదివాను, మూడుసార్లూ నా కళ్లు 4 అనే చదివాయి. ఇంటర్వ్యూ చేసినావిడ నవ్వి, "లెక్చరర్లందరూ దీని దగ్గరే పడతారండీ" అన్నారు.

34 వేలు అన్నారు, ఆరు నెలలకి మళ్లీ చూస్తామన్నారు. కాగితం మీద రాసివ్వమన్నాను, ఇచ్చారు. మా ఆయన ఇంకా లెక్కలేస్తున్నారు. కాలేజీకి వెళ్లే క్యాబ్ ఖర్చు, ఈఎన్‌టీ ఫీజులు తీసేస్తే తేడా ఆరు వేలేనని నిన్న రాత్రి తేల్చారు. ఒకటో తారీఖు చేరుతున్నా.

నిజాంపేట_అమ్మ
నేను వద్దన్నదాన్నే, అయినా సంతోషంగా ఉంది. గొంతు జాగ్రత్త. కూకట్‌పల్లి నుంచి ఎలా వెళ్తారు?

సుద్దముక్క
మెట్రోలో ఎంజీబీఎస్ దిగి, గ్రీన్ లైన్ మారి నారాయణగూడ. చుట్టు తిరుగుడే, కానీ కూర్చుని ప్రూఫులు చదువుకోవచ్చట.

బెంచ్_మీద_బ్రో
ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేట దాటేదాకా కూర్చుంటే నాకు చెప్పండి.

అశోక్‌నగర్_రూం4
అక్కా, మీ పుస్తకం వస్తే పేజీ నంబర్ చెప్పండి, మేం నలుగురం కీ చెక్ చేస్తాం. ఓటింగ్ ఉండదు, ప్రామిస్.

అను_టు_యూనికోడ్
చేరబోయే ముందు ఒక్కటే మాట. ఏ ఫైల్‌కీ "ఫైనల్" అని పేరు పెట్టకండి.

సుద్దముక్క
ఆఫర్ లెటర్‌తో పాటు శాంపిల్ చాప్టర్ పంపారు, ఇప్పుడే తెరిచా. ఫైల్ పేరు "ఘర్షణ ఫైనల్ కొత్తది ఫైనల్ 3".